నాలుక మరువని రుచి

పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 11:4–34, నిర్గమకాండము 12:8, 2 సమూయేలు 23:13–17
కంఠస్థము చేయవలసిన వాక్యము: ద్వితీయోపదేశకాండము 8:3



ఈ నెల పాఠము తిండిని గూర్చినది. తిండి శరీరసంబంధమైనది, దానితో ఆత్మీయ పాఠమునకు పనియేమి అని కొందరు అడుగవచ్చును. అయితే పరిశుద్ధ గ్రంథమందు ఒక అధ్యాయము దాదాపు అంతయు జనులు విడిచివచ్చిన దేశపు కూరగాయలకొరకు ఏడ్చిన సంగతియే చెప్పుచున్నది. దేవుని ఆత్మ అంత స్థలము ఇచ్చిన సంగతిని మనము తేలికగా దాటిపోరాదు.

మన యాచారము నాగార్జునసాగరు పోవు మార్గముమీద నున్నది. ఈ మార్గమున మన పిల్లలు చదువులకును కూలికిని హైదరాబాదు పోవుచున్నారు, వచ్చుచున్నారు. వారిలో ఎవరినైనను అడిగి చూడుడి. కొన్నాళ్లు పట్నములో నుండి ఇల్లు చేరిన పిల్లవానికి సాయంకాలము కాగానే ఇరానీ చాయి మీద మనస్సు పోవును. బొంబాయిలో కట్టడపు పని చేసి వచ్చిన అన్న వడాపావు మాట యెత్తును. గల్ఫు దేశమునుండి వచ్చినవాడు అక్కడ నున్నంత కాలము జొన్నరొట్టెకును పచ్చిపులుసునకును మొగము వాచియుండెను. ఇంటికి వచ్చిన నెలకే అక్కడి ఖుబ్బూసు రొట్టెను తలంచుకొనుచున్నాడు. కృష్ణా జిల్లానుండి మన సంఘమునకు కోడలిగా వచ్చిన చెల్లెలు మన పుంటికూరను చూచి, మా ఊరిలో దీనిని గోంగూర యందురనియు, మా అమ్మ చేసినట్లు ఇక్కడ ఎవరును చేయలేరనియు కన్నీరు పెట్టుకొనెను. నాలుక ఎక్కడ నున్నదో అక్కడి రుచిని వదలి, ఎక్కడ లేదో అక్కడి రుచిని కోరును. ఇది మనుష్యులందరి సంగతి.

ఇట్టి కోరిక పాపమా? పాపము కానియెడల ఇశ్రాయేలీయులమీదికి దేవుని కోపము ఏల వచ్చెను? ఈ రెండు ప్రశ్నలను మనస్సునందుంచుకొని పాఠములోనికి పోవుదము.

1. అరణ్యమందు ఏడ్చిన జనులు

సీనాయి కొండను విడిచి జనులు ప్రయాణమగుచున్నారు. వారి మధ్యనున్న మిశ్రిత జనము మొదట ఆశపడెను. తరువాత ఇశ్రాయేలీయులును ఏడ్వసాగిరి. వారు జ్ఞాపకము చేసికొన్న వస్తువులు ఆరు: చేపలు, కీరకాయలు, దోసకాయలు, కూరాకులు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు. తెల్లగడ్డ యనగా మన యెల్లిగడ్డయే. ఈ పట్టీని జాగ్రత్తగా చూడుడి. ఇందులో రాజుల విందుభోజన మేదియు లేదు. ఇవన్నియు కూలివాని గంపలోని వస్తువులు. నైలునది ప్రక్కన కాలువనీటికి కీరయు దోసయు విస్తారముగా కాయును; ఏటిలో చేప సులభముగా దొరకును. ఐగుప్తులోని గొప్ప పిరమిడును కట్టిన పనివారికి ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి కొనుటకై ఎంత వెండి వ్యయమైనదో దానిమీద వ్రాయబడియుండెనని గ్రీకు చరిత్రకారుడైన హెరొడొటసు వ్రాసెను. కష్టజీవులకు ఉల్లియు ఎల్లిగడ్డయు ఆ దినములనుండియే తోడు.

ఆ జనులు చెప్పిన మాటలలో ఒక్క మాట మిగుల గమనింపదగినది. ఆ చేపలను తాము ఉచితముగా తింటిమని వారు చెప్పిరి. ఉచితముగానా? నిర్గమకాండము మొదటి అధ్యాయము తిరిగి చదువుడి. జిగటమంటి పని, ఇటుకల పని, పొలములో ప్రతివిధమైన వెట్టి, ఇవన్నియు ఆ చేపల వెల కాదా? అయిదవ అధ్యాయములో గడ్డి ఇయ్యకయే ఇటుకల లెక్క తగ్గింపక అడిగినదియు, నాయకులను కొట్టించినదియు కానవచ్చును. అంతకంటె ఘోరమైనది మరియొకటి గలదు. ఫరో హెబ్రీయుల మగబిడ్డలను ఏటిలో పారవేయుడని ఆజ్ఞాపించెను. జనులు తలంచుకొని లొట్టలు వేయుచున్న చేపలు ఏ యేటివి? ఆ యేటివే! బిడ్డలు మునిగిన నీటి చేపలు వారికి జ్ఞాపకమున్నవి గాని ఆ బిడ్డలు జ్ఞాపకమునకు రాలేదు.

నాలుకకు గల బలహీనత యిది. అది రుచిని దాచుకొనును, వెలను మరచును.

మన్నా చెడ్డ ఆహారమా? కాదు. అది కొతిమెర గింజవలె నుండెననియు, జనులు తిరుగట విసరి, లేక రోట దంచి, కుండలో వండి రొట్టెలు చేసికొనిరనియు, దాని రుచి క్రొత్త నూనె రుచివలె నుండెననియు మన అధ్యాయమే చెప్పుచున్నది. నిర్గమకాండము పదునారవ అధ్యాయము దానికి తేనెతో చేసిన అపూపముల రుచిని చెప్పుచున్నది. దున్నక విత్తక నలువది సంవత్సరములు దొరకిన భోజనము! అయినను దినదినము చూచిన కంటికి అది చులకనయైపోయెను.

ఈ ఏడుపు ఎవరిమీద పడెనో చూడుడి. ప్రతివాడు తన గుడారపు ద్వారమున నిలిచి ఏడ్చెను. ఒక యింటి గొణుగుడు పొరుగింటికి అంటుకొనెను. భారమంతయు మోషే తలమీద పడగా, ఈ జనులను నేను కంటినా, పాలిచ్చు బిడ్డను మోసినట్లు వీరిని రొమ్మున మోయవలసినవాడను నేనేనా అని అతడు దేవునితో మొరపెట్టి, తన్ను చంపివేయుమని కూడ అడిగెను. దేవుడు మోషేను గద్దింపలేదు; అతనితో భారము మోయుటకు డెబ్బదిమంది పెద్దలను ఇచ్చెను. సంఘ పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక. తరువాత పూరేళ్లు వచ్చెను. జనులు రాత్రింబగళ్లు కూర్చుకొనిరి. మాంసము పండ్ల సందున నుండగనే తెగులు వచ్చెను. ఆ స్థలమునకు కిబ్రోతుహత్తావా, అనగా ఆశపడినవారి సమాధులు అను పేరు వచ్చెను.

2. రుచి ఎందుకు మరువబడదు

మనము రుచియని చెప్పుకొనుదానిలో అధికభాగము నిజముగా వాసనయే. జలుబు చేసి ముక్కు మూసికొనిన దినమున ఎంత మంచి కూరయైనను గడ్డివలె నుండుట మనమందరము ఎరుగుదుము. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు మొదలగు కొన్నిటిని మాత్రమే చెప్పగలదు. తక్కినదంతయు నోటివెనుక మార్గమున ముక్కునకెక్కిన వాసన చెప్పును. వైద్యశాస్త్రజ్ఞులు చెప్పునదేమనగా, వాసన తెలిసికొను నరములు మెదడులో జ్ఞాపకమును సంతోషదుఃఖములును ఉండు భాగములకు మిక్కిలి సమీపముగా చేరును. అందుచేత ఒక వాసన తగిలినప్పుడు తిండియొక్కటియే కాదు, ఆ తిండి పెట్టిన చెయ్యి, ఆ యిల్లు, ఆ దినము, అన్నియు ఒక్కసారిగా లేచి వచ్చును. మొదటి వాన పడి మట్టి వాసన వేయగానే చనిపోయిన తండ్రి నాగలి పట్టి నడచుట కనబడినదని మన సంఘములో ఒక రైతు చెప్పెను. ఇది దేవుడు మన దేహమందుంచిన అమరిక. దీనిని పాపమనుటకు మనకు అధికారము లేదు.

3. సముద్రము దాటిన తెలుగువారు

మన తెలుగువారి చరిత్రయందు ఈ సంగతి పలుమారులు కనబడుచున్నది. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మదరాసునుండి బయలుదేరినవారిని మోసికొని దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరెను. చెరకుతోటలలో ఒడంబడిక కూలీలుగా పోయిన మొదటివారు వారు. తరువాతి ఓడలలో అనేకులైన తెలుగువారు పోయిరి. అన్నము తిను నోళ్లకు అక్కడ పలుమారు మొక్కజొన్నపిండియే దొరకెను. వారిలో విశ్వాసులును ఉండిరి. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు తమలోనుండి రెవరెండు జాన్ రంగయ్యగారిని మిషనరీగా వారియొద్దకు పంపెను. ఇక్కడి పేద సంఘములు అక్కడి తమవారిని మరువలేదు. నేడు ఆ దేశములోని డర్బను నగరమున రొట్టె మధ్యభాగమును తొలచి మసాలాకూర నింపి తినెడి బన్నీచౌ అను భోజనము ప్రసిద్ధి. అది అక్కడి భారతీయులు తమ కూరను ఆ దేశపు రొట్టెలో పెట్టుకొనగా పుట్టినది. పాతదానికై ఏడ్చుచు కూర్చుండక, ఉన్నదానిలో పాతదానిని కలుపుకొనిరన్నమాట.

బర్మా సంగతియు ఇట్టిదే. రంగూను రేవులోను వడ్లమిల్లులలోను వేలకొలది తెలుగువారు పని చేసిరి. 1941 డిసెంబరు 23న రంగూనుమీద జపానువారి బాంబులు పడగా భారతీయులు లక్షలకొలదిగా పారిపోయిరి. ఓడలు దొరకనివారు అడవులగుండ, కొండలగుండ నడచి వచ్చిరి. త్రోవలో చనిపోయినవారు అనేకులు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వము వచ్చి, 1964లో అంగళ్లు ప్రభుత్వపరము కాగా మరల అనేకులు వట్టిచేతులతో వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతములో బర్మాక్యాంపు అను పేట నేటికిని గలదు. బర్మాలో నున్నప్పుడు వారు ఊరగాయకొరకు ఏడ్చినవారే. ఇక్కడికి వచ్చిన పిమ్మట మొహింగా అను చేపల పులుసుతో కూడిన బియ్యపు సేమియాలకొరకు తపించిరి. మదరాసులో బర్మాబజారు పరిసరములయందు అత్తో అను బర్మా సేమియాల బండ్లు వారివలననే వెలసినవి. తరిమివేసిన దేశపు తిండిని వారు ఏల ప్రేమించిరి? అక్కడనే బిడ్డలను కనిరి, అక్కడనే చనిపోయినవారిని పాతిపెట్టిరి. ఆ దేశమందు వారు బ్రతికిన బ్రతుకంతయు ఆ ముద్దలో నున్నది.

4. మా తప్పిదము

ఇప్పుడు మేము ఒక తప్పిదము ఒప్పుకొనవలెను. ఈ పాఠము వ్రాయుటకు కారణమును అదియే.

మన సంఘములో ఎనుబది సంవత్సరములు దాటిన ఒక అవ్వ యుండెను. గత యెండకాలములో ఆమె జబ్బుపడి అన్నము మానివేసెను. పరామర్శకు పోయినప్పుడు ఆమె, "అయ్యగారూ, నోటికి రుచి పుడ్తలేదు. దొర గడీల పోసే జొన్న గటక ఒక్క ముద్ద దొరికితే తింటుంటి" అనెను. మేము ప్రార్థన చేసి వచ్చితిమి. ఆమె చిన్నతనమున ఆమె తల్లి ఒక దొరయింట వెట్టి చేసినదని మాకు తెలియును. మనుష్యులను అప్పునకు కట్టివేసి పని చేయించుకొను వెట్టిచాకిరిని దేశమంతట రద్దుచేయుచు చట్టము వచ్చినది 1976లో. అంతకు ముందు ఈ ప్రాంతపు పేదలు పడిన పాట్లు మన పెద్దలు చెప్పగా వినియున్నాము.

తరువాతి ఆదివారము మేము సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయమునుండి ప్రసంగించితిమి. ఐగుప్తు దోసకాయల సంగతి చెప్పుచు, మన మధ్యను దేవుడు విడిపించిన దాస్యగృహపు గటకను తలంచుకొనువారున్నారని చెప్పితిమి. పేరు చెప్పలేదు. పేరు చెప్పక్కరలేకయే అందరికిని తెలిసెను. కొందరు వెనుకకు తిరిగి చూచిరి. ఆ దినము ఆ అవ్వను మనుమడు మోసికొని వచ్చి వెనుక చాపమీద కూర్చుండబెట్టెను. అటుపిమ్మట రెండు ఆదివారములు ఆమె రాలేదు. జబ్బుచేత రాలేదనుకొంటిమి. సంఘ పెద్ద ఒకరు మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, అవ్వ మనసు నొచ్చింది. మీరు పోయి చూస్తే మంచిది" అని మెల్లగా చెప్పెను.

పోయితిమి. ఆమె గోడవైపు తిరిగి పండుకొనియుండెను. చాలసేపటికి ఇట్లనెను: "నేను గడీని యాది చేసుకోలే అయ్యగారూ. మా అమ్మను యాది చేసుకున్న. పొద్దంత పనిచేస్తే దొరసాని ఒక్క ముంత గటక పోసేది. అమ్మ దాన్ని కొంగు చాటున పట్టుకొచ్చి, చెరువుకట్ట మీద కూసోని నాకు తినిపిచ్చేది. నువ్వు తినవా అమ్మా అంటే, నేను ఆడనే తిన్న బిడ్డా అనేది. అది అబద్ధమని నాకు పిల్లలు పుట్టినంక ఎరుకైంది."

మేము మాటలాడలేకపోతిమి. ఆమె కోరినది ఫరో దోసకాయ కాదు. తాను పస్తుండి బిడ్డకు పెట్టిన తల్లి ప్రేమను ఆమె కోరుచుండెను. అది దాస్యగృహములోనుండి వచ్చినదైనను, ఆ తల్లి చేతిలో పడినప్పుడు అది దాస్యపు తిండి కాకపోయెను. ఆ ముద్ద వెలను ఆమె మరువలేదు. మరచినవారము మేమే, ఆ వెల ఎవరు చెల్లించిరో అడుగకయే తీర్పు తీర్చితిమి.

మేము తీర్పు తీర్చుటకు ఎంతమాత్రము తగినవారము కామని కూడ ఆ రాత్రి మనస్సాక్షి గద్దించెను. సముద్రతీరపు సెమినరీలో చదువు ముగించుకొని ఈ గ్రామమునకు వచ్చిన మొదటి సంవత్సరము మేమును హాస్టలు చేపల పులుసునకై గొణిగితిమి గదా! ఒక విధవరాలు తనకున్న జొన్నపిండితో రొట్టెచేసి, ఎల్లిపాయ కారము పెట్టి మాకు వడ్డింపగా, అన్నము లేదా అని అడిగితిమి. ఆమె పొరుగింటికి పోయి బియ్యము బదులు తెచ్చెను. ఆ రొట్టె మాకు దేవుడిచ్చిన మన్నా, మేము గుర్తింపలేదు.

జొన్న గటక వండుటకు ఇప్పుడు ఊరిలో జొన్నలే సులభముగా దొరకలేదు. ఇసుర్రాయి ఒక యింటి దొడ్డిలో మూలపడియుండగా తెచ్చి కడిగితిమి. మా గృహిణి జొన్నలు విసరి, రవ్వ చెరిగి, ఎసటిలో పోసి మెత్తగా ఉడికించి, చల్ల కలిపి తీసికొనిపోయెను. అవ్వ మూడు ముద్దలు తినెను. తరువాత నవ్వి, "ఉప్పు ఎక్కువైంది బిడ్డా, మా అమ్మ చేతి లెక్క లేదు" అనెను. మేమందరము నవ్వితిమి. ఆ మరుసటి ఆదివారము ఏ స్థలమునుండి ఆమెను నొప్పించితిమో ఆ స్థలమునుండియే సంఘమంతటి యెదుట క్షమాపణ అడిగితిమి. ఆమె మరి రెండు నెలలు బ్రదికి ప్రభువునందు నిద్రించెను. చివరి సంస్కార భోజనమును ఆమె మంచముమీదనే మా చేతినుండి పుచ్చుకొనెను.

5. చేదు కూరల జ్ఞాపకము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. జ్ఞాపకము చేసికొనుట పాపమైతే దేవుడే జ్ఞాపకముచేసికొనుడని ఏల ఆజ్ఞాపించెను? నిర్గమకాండము పండ్రెండవ అధ్యాయములో పస్కా భోజనమునకు మూడు వస్తువులు చెప్పబడినవి: కాల్చిన మాంసము, పొంగని రొట్టె, చేదు కూరలు. ఆ చేదు కూరలు దాస్యపు చేదును జ్ఞాపకము చేయునని యూదులు నేటివరకు తమ పిల్లలకు చెప్పుదురు.

ఇక్కడ రెండు జ్ఞాపకములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. జనులు గుడారపు ద్వారమున ఐగుప్తును తలంచుకొనినప్పుడు దోసకాయ మాత్రమే జ్ఞాపకమునకు వచ్చెను. దేవుడు ఐగుప్తును జ్ఞాపకము చేయించినప్పుడు చేదును కూడ పళ్లెములో పెట్టించెను. మరచిపొమ్మని ఆయన చెప్పలేదు, సగము జ్ఞాపకముంచుకొని సగము మరువవద్దనియే ఆయన బోధ. ఆ దినములు బాగుండెననువాడు ఆ దినముల ఆకలిని కూడ చెప్పవలెను. ఆ దినములు చెడ్డవనువాడు ఆ దినములలో ముద్ద పంచిన చేతిని కూడ చెప్పవలెను. మన అవ్వ రెండును చెప్పెను.

నిర్గమకాండము పదునారవ అధ్యాయములో మరియొక సంగతి గలదు. ఒక ఓమెరు మన్నాను పాత్రలో పోసి రాబోవు తరములు చూచునట్లు ఉంచవలెనని దేవుడు చెప్పెను. ఏ తిండిని జనులు విసుగుకొనిరో ఆ తిండినే మనుమలకొరకు దాచుమనెను. నేడు మనము చులకనచేయునది రేపు మన పిల్లలు వెదకుదురు. మన ప్రాంతమునందే చూడుడి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చువరకు ఈ మెట్టభూములలో పేదవాని తిండి జొన్నయు సజ్జయునే. అన్నము పండుగనాటి భోజనము. జొన్నరొట్టె తిన్న దినమును చెప్పుకొనుటకు సిగ్గుపడినవారుండిరి. పిమ్మట అన్నము ప్రతి పొయ్యిమీదికి వచ్చెను. 2025 ఉగాదినుండి రేషను అంగడిలో సన్నబియ్యమే ఇచ్చుచున్నారు. ఇందునిమిత్తము దేవునికి స్తోత్రము చెల్లింపవలెను. ఆకలి ఎరిగినవాడు బియ్యమును నిందింపడు. అయితే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పుడు, మనము సిగ్గుపడి విడిచిన జొన్ననే పట్టణపు అంగళ్లలో పొట్లముగట్టి అమ్ముట చూచితిమి.

6. బేత్లెహేము బావి నీళ్లు

రెండవ సమూయేలు ఇరువది మూడవ అధ్యాయములో దావీదు అదుల్లాము గుహలో నున్నాడు. స్వగ్రామమైన బేత్లెహేము ఫిలిష్తీయుల చేతిలో నున్నది. ఊరి గవినియొద్దనున్న బావి నీళ్లు ఎవడైన తెచ్చి ఇచ్చిన బాగుండునని దావీదు ఆశపడెను. గుహలో నీళ్లు లేక కాదు. చిన్ననాడు గొఱ్ఱెలు కాచి వచ్చి త్రాగిన నీళ్లు కావలెననెను. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును చీల్చుకొనిపోయి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు త్రాగలేదు. ప్రాణమునకు తెగించినవారి రక్తము వంటిదని యెంచి దానిని యెహోవా సన్నిధిని పారబోసెను.

ఆశపడినందుకు దావీదును గ్రంథము నిందింపలేదు. అయితే ఆ నీళ్ల వెల అతనికి కనబడెను, కనబడగానే త్రాగలేకపోయెను. ఇశ్రాయేలీయులు వెలను చూడక తినిరి. దావీదు వెలను చూచి మానెను. మన రెండవ ప్రశ్నకు జవాబు ఇదే. కోరిక పుట్టుటవలన కోపము రాలేదు. వెలను మరచి, చేతనున్న దేవుని దానమును త్రోసివేసి, ఇతరుల తలపై భారము మోపినందున కోపము వచ్చెను.

ఈ కొలతతో మన యిండ్లను చూచికొందము. పట్నములో తిన్న బిరియాని కావలెనని భార్య పుస్తె కుదువపెట్టించువాడు వెలను చూడలేదు. త్రాగుడు రుచి మరువలేక పిల్లల ఫీజు ఖర్చుచేయువాడు కిబ్రోతుహత్తావాలో నున్నాడు. అతడు తింటున్నది పిల్లల అన్నమే. పెండ్లియైన నాటినుండి భార్య వంటను తన తల్లి వంటతో పోల్చి పళ్లెము త్రోయువాడు ప్రతిదినము మన్నాను నిందించుచున్నాడు.

7. మనము చేయదగినవి

లూకా సువార్త పదునైదవ అధ్యాయములో తప్పిపోయిన కుమారుడు పందులయొద్ద నుండి తన తండ్రి యింటి రొట్టెను జ్ఞాపకము చేసికొనెను. అక్కడి కూలివారికిని అన్నము సమృద్ధిగా నున్నదని తలంచుకొని లేచెను. ఆ జ్ఞాపకమే అతనిని ఇంటికి నడిపించెను. కాబట్టి నాలుకమీది జ్ఞాపకము ఐగుప్తువైపునకును లాగగలదు, తండ్రి యింటివైపునకును లాగగలదు. ఎవరైనను ఒక రుచిని తలంచుకొనినప్పుడు మనము వారిని కొట్టివేయక, అది ఏవైపు లాగుచున్నదో ప్రేమతో అడుగవలెను.

మొదటిది, జబ్బుపడినవారిని, వృద్ధులను ఏమి తినవలెననియున్నదో అడుగుడి. బర్జిల్లయి ఎనుబది యేండ్లవాడై, తాను తినునదియు త్రాగునదియు రుచి తెలియుటలేదని దావీదు రాజుతో చెప్పెను (2 సమూయేలు 19:35). ముసలితనమున రుచి పోవును. ఒక్క రుచి మిగిలియున్నదని వారు చెప్పినప్పుడు, వైద్యుడు వద్దననియెడల, దానిని చేసి పెట్టుడి. దాని కథ అడిగి వినుడి.

రెండవది, అత్తలారా, క్రొత్త కోడలు పుట్టినింటి కూరను తలంచుకొనినయెడల దానిని ధిక్కారముగా ఎంచవద్దు. నెలకొక దినమైనను పొయ్యి ఆమెకు విడిచి, ఆమె ఊరి వంట చేయనియ్యుడి. రూతు మోయాబునుండి వచ్చినప్పుడు బోయజు ఆమెను తన కోతవారి ప్రక్కన కూర్చుండబెట్టుకొని పేలాలు అందించెను.

మూడవది, దూరదేశములనుండి తిరిగివచ్చిన కుమారులు అక్కడి తిండిని పొగడినప్పుడు ఎగతాళి చేయవద్దు. అక్కడ మంచి ఎవరు పెట్టిరి, చేదు ఏమి కలిగెను అని రెండును అడుగుడి. చెప్పుకొనుటకు వినువారు లేకయే అనేకులు లోలోపల కృశించుచున్నారు.

నాలుగవది, మీ యింటి మన్నాను లెక్కించుడి. ఈ రాత్రి మీ పళ్లెములో నున్నదానిని ఎవరు పండించిరి, ఎవరు వండిరి, ఎవరు తక్కువ తిని మీకు పెట్టిరి? ఆ పేర్లు చెప్పి స్తోత్రము చేయుడి.

కడపట, మన ప్రభువును చూడుడి. తాను శ్రమపడకమునుపు శిష్యులతో ఆ పస్కాను భుజింపవలెనని మిక్కిలి ఆశపడితినని ఆయన చెప్పెను (లూకా 22:15). ఆయనయు ఒక భోజనమునకై ఆశపడెను. దాని వెలను తానే చెల్లించెను. తన్ను జ్ఞాపకము చేసికొనుటకు ఆయన మనకు విడిచిన గురుతు రొట్టెముక్కయు ద్రాక్షారసమునే. నాలుక మరువదని ఆయనకు తెలియును గదా! తాను పస్తుండి బిడ్డకు పెట్టిన తల్లిని ఎరిగినవారు ఈ బల్లను కొంతవరకు గ్రహింపగలరు.

కూడికలలో చర్చించుటకు ప్రశ్నలు

1. మీరు మరువలేని ఒక రుచి ఏది? దానిని పెట్టిన చెయ్యి ఎవరిది? దాని వెల ఎవరు చెల్లించిరి?
2. ఇశ్రాయేలీయులు ఉచితముగా తింటిమనుటలో ఏమేమి మరచిరి? నిర్గమకాండము 1వ, 5వ అధ్యాయములనుండి చూపుడి.
3. దోసకాయల జ్ఞాపకమునకును చేదు కూరల జ్ఞాపకమునకును భేదమేమి?
4. దావీదు ఆ నీళ్లను ఏల త్రాగలేదు? మన కోరికలలో ఇతరుల కష్టముతో కొన్నవి ఏవి?
5. మీ వీధిలో తినలేక, లేక తినిపించువారు లేక యున్న వృద్ధులు ఎవరు? ఈ వారము వారియొద్దకు ఎవరు పోవుదురు?

ప్రార్థనాంశములు: దూరదేశములలో ఒంటరిగా వండుకొని తిను మన బిడ్డలకొరకు, నోటికి రుచి లేక మంచముపట్టిన వృద్ధులకొరకు, ఇతరుల కన్నీటి కారణము నెరుగకయే తీర్పు తీర్చు మా వంటి బోధకులకొరకు.